చేపలకు పట్టిన గొడుగు

అమ్మా, అయ్యా, దేవుడు తెలివి పంచిపెడుతూ కోటిలింగం గుమ్మం ముందు కాస్త ఎక్కువసేపు ఆగాడట. ఈ మాట చెప్పుకునేది కోటిలింగమే. స్వామి ఆగడం నిజమే కావచ్చు, దారి అడగడానికి అయ్యుంటుంది.

కోటిలింగం, పెళ్ళాం సూరమ్మ, తమ్ముడు భద్రం. ముగ్గురికీ ఏడాది పొడవునా కూడు పెట్టేది పెరట్లోని చేపల చెరువు. వాన పడితే చాలు, మెరక మడిలో చల్లిన యూరియా, పేడకుప్ప సారం కొట్టుకొచ్చి అందులో పడేవి. నీళ్ళు పచ్చగా పాచిపట్టాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. కోటిలింగానికి ముద్ద దిగడం లేదు.

మేనత్త నూకాలమ్మ వచ్చి చూసింది. "ఒరే, నీళ్ళొచ్చే దారిలో పల్లంగా గుంట తవ్వి వట్టివేరు, మెట్టతామర నాటండి. వాన నీళ్ళు అక్కడ నిలిచి ఇంకుతాయి. ఎరువును మొక్కలు తినేస్తాయి. చెరువు తేటపడుతుంది."

అంతే, తవ్వారు, నాటారు.

"మరి వానొచ్చేదాకా వీటికి పస్తేనా?" అంది సూరమ్మ.

"మన పంచకొచ్చినవాళ్ళకి పెట్టకుండా తింటే స్వామి మెచ్చడే" అని కోటిలింగం కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంకేముంది, మొక్కకో విస్తరి వేసి యూరియా బస్తా గుమ్మరించారు. భద్రం వెనకాలే పేడ వడ్డించాడు. "మొహమాటపడకండి, ఇంకొంచెం వేసుకోండి" అని కొసరి కొసరి మరీ.

సాయంత్రం వాన కురిసింది. గుంట పొంగి, ఆ విందంతా చెరువులోకి దిగింది. నీళ్ళు చిలకపచ్చనయ్యాయి.

అత్త తల పట్టుకుంది. గుంట శుభ్రం చేయించి కొత్త మొక్కలు నాటించింది. "వీటికి మీరేం పెట్టకండి నాయనా. కన్నబిడ్డల్లా చూసుకోండి, చాలు."

మళ్ళీ మబ్బు పట్టింది. కోటిలింగం మొక్కల దగ్గరికి పరుగెత్తాడు. "కన్నబిడ్డల్ని వానలో నిలబెడతామా? జలుబు చెయ్యదూ?"

అంతే, గుంటమీద టార్పాలిన్ పట్టా కట్టారు. కాళ్ళు తడుస్తాయని చుట్టూ గట్టు పోశారు. పారే నీళ్ళు గట్టుకి కొట్టుకుని, పక్కకి తిరిగి, తిన్నగా చెరువులోకి నడిచాయి. చేపలు మళ్ళీ పైకి తేలాయి.

అత్త పరుగున వచ్చి గట్టు తెగ్గొట్టింది, పట్టా లాగిపారేసింది. నీళ్ళు గుంటలోకి మళ్ళి నిలిచాయి. తిరిగి చూస్తే కోటిలింగం లేడు. చెరువులో నడుములోతున గొడుగు పట్టుకుని ఉన్నాడు.

"అక్కడేం చేస్తున్నావురా?"

"పాపం, చేపలు కూడా తడుస్తున్నాయత్తా."

దేవుడి దయవల్ల, మొక్కల చలవవల్ల చేపలు బతికాయి, చెరువు తేటపడింది. అదంతా గొడుగు మహిమేనంటాడు కోటిలింగం. ఇప్పటికీ చినుకు పడితే ఆయన నీళ్ళలో నిలబడతాడు. గట్టుమీద సూరమ్మ తువ్వాలు పట్టుకుని కూర్చుంటుంది, ఏ చేపైనా బయటికొస్తే తల తుడుద్దామని.