ముళ్ళబంతి పరుగు నేర్చిన కథ

ఒకప్పుడు రావణాసురుడి మీసానికి పరుగంటే ఏమిటో తెలియదు. మీసం పరిగెత్తడమేంటి అని నవ్వకండి మరి! సముద్రం ఒడ్డున, ఇసుకదిబ్బల మీద, సూదుల్లాంటి ఆకులతో పెరిగే గడ్డికి ఆ పేరు. దాని గింజలు ముళ్ళబంతిలో ఉంటాయి. బంతంటే చిన్నదనుకునేరు, కొబ్బరికాయంత! ఆ రోజుల్లో ఆ బంతులు తల్లి ఒళ్ళోనే కూర్చునేవి, అక్కడే రాలిపడేవి, అక్కడే మొలిచేవి.

ఆ దిబ్బల వెనకాల ఒక పల్లె ఉంది. అందులో కోర్లమ్మ ఉండేది. ఆవిడ నోరు తెరిస్తే ఊరంతా కదలాల్సిందే. ఒకరోజు ఆవిడ కూతురు పైడి కాలికి ఆ గడ్డి గుచ్చుకుంది. పిల్లకి ఏడుపు, తల్లికి కోపం.

"ఈ పాడు గడ్డి మనకెందుకు? వలలు సింపుతాది, కాళ్ళకి గుచ్చుకుంటాది. పీకి పారెయ్యండి!" అంది.

అందరూ కలిసి పీకేశారు. దిబ్బ గుండు గీయించుకున్నట్టు నున్నగా అయింది. వలలు ఆరేసుకోవడానికి ఎంత చోటో! ఊరంతా మురిసిపోయింది.

అప్పుడు గాలి వచ్చింది. గాలి రోజూ వచ్చేదే. కానీ ఈసారి ఇసుక లేచి, గాలితో నడవడం మొదలెట్టింది. గుమ్మం ఎక్కింది. గంజిలో పడింది. ఆఖరికి వెళ్ళి చెలమని పూడ్చేసింది. అయ్యో, చెలమ అంటే ఆ ఊరికి ప్రాణం! ఎదురుగా అంత ఉప్పు సముద్రం ఉన్నా, దిబ్బ కింద ఇసుకలో తవ్విన ఆ గుంటలో మాత్రం తియ్యటి నీళ్ళు ఊరేవి. వాననీళ్ళు దాచుకునే ఆ దిబ్బే గాలికి కరిగిపోయింది, మళ్ళీ తవ్వితే ఉప్పునీళ్ళు వచ్చాయి. పైడి పెదాలు ఎండిపోయాయి.

కోర్లమ్మ గాలి మీద విరుచుకుపడింది. "నీకేం పోయేకాలం వచ్చింది? మా నీళ్ళు పూడ్సేత్తావా?"

"నన్నంటావేం?" అంది గాలి. "ఎదురుగా ఏముంటే దాన్ని తోయడమే నా పని. ఇన్నాళ్ళూ ఆ గడ్డి ఇసుకని పట్టుకుని కూర్చుంది, నాతో రానివ్వలేదు. దాన్ని పీకింది నేనా, నువ్వా?"

కోర్లమ్మ బోడిదిబ్బ వైపు చూసింది.

"ఆ గడ్డి ఇంకెక్కడైనా ఉందా?" అని చిన్న గొంతుతో అడిగింది.

"దక్షిణాన ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది, వెళ్ళు."

ఒడ్డు పట్టుకుని నడిచి నడిచి అక్కడికి చేరింది. తలెత్తి చూస్తే కొండంత ఇసుకదిబ్బ! ఒక పక్క ఏరు దాన్ని కోసేసింది. ఆ కోతలో గడ్డి వేళ్ళు పైనుంచి కిందిదాకా కనిపిస్తున్నాయి. వేలెడు చోటు వదలకుండా ఇసుకని అల్లుకుని పట్టుకున్నాయి. "ఓలమ్మో! ఇంత సన్నటి గడ్డి ఇంత దిబ్బని మోత్తందా!" అనుకుంది కోర్లమ్మ. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"తల్లీ, నీ పిల్లల్ని మా ఊరు పంపవా? నా పిల్ల దాహంతో ఉంది."

గడ్డి సూదులు నిక్కబొడిచాయి. "నీ పిల్ల కాలికి ముల్లు గుచ్చుకుందని మావాళ్ళని వేళ్ళతో సహా పీకించావు. ఇప్పుడు నీ పిల్లకి దాహమని నా పిల్లల్ని అడుగుతున్నావు. ఈ ఒడి దాటితే వాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రారు. నువ్వైతే పంపుతావా?"

కోర్లమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అబద్దమాడను తల్లీ, నానైతే పంపలేను. కానీ నువ్వు పంపితే, నీ పిల్లలకి ఎవరూ అడ్డు రాకుండా మా ఊరు సూసుకుంటాది. నా పిల్ల కాలు నాను సూసుకుంటాను."

గడ్డి తన ముళ్ళబంతుల్ని ఓసారి ఒడికి హత్తుకుంది. అలలు వచ్చాయి, పోయాయి. తర్వాత అది గాలిని పిలిచింది.

"ఎదురుగా ఏముంటే దాన్ని తోస్తానంటావుగా? ఇదిగో. మెల్లిగా తోయి నాయనా." అని ఒడి వదులు చేసింది.

ఎంత చోద్యం! ముళ్ళబంతులు ఒక్కొక్కటే తెగాయి. ముళ్ళ కొసల మీద లేచి నిలబడ్డాయి. ఇక పరుగే పరుగు! తడి ఇసుక మీద గెంతుతూ, దొర్లుతూ, ఒడ్డు పొడుగునా బంతులే. పీతలు కలుగుల్లో దూరి తొంగిచూశాయి. సముద్రం ఒక అలని ఆపుకుని మరీ చూసిందంటారు. కోర్లమ్మ ఏడుస్తూ, నవ్వుతూ వాటి వెంట పరిగెత్తింది.

అవి దారంతా గింజలు రాల్చుకుంటూ వచ్చి, పల్లె దగ్గర బోడిదిబ్బ మీద ఆగాయి. వానలు పడ్డాయి, మొలకలు లేచాయి. ఊరివాళ్ళు మేకల్ని అటు పోనివ్వలేదు, వలల్ని వేరేచోట ఆరేసుకున్నారు. గడ్డి వెనకే బాలబంద తీగ ఊదారంగు పూలతో పాక్కుంటూ వచ్చింది. ఇసుక నడక మానేసింది. దిబ్బ మెల్లమెల్లగా మళ్ళీ పెరిగింది. ఒకరోజు పైడి చెలమలో దోసిలి ముంచి, భయంభయంగా నాలిక తడిపి చూసింది.

"అమ్మా, తియ్యగున్నాయే!"

అప్పటినుంచే ఎండాకాలం గాలి రాగానే రావణాసురుడి మీసం బంతి తల్లిని విడిచి ఒడ్డు వెంట పరిగెడుతుంది. ఆటకి ఏ పిల్లాడైనా దాన్ని ఆపబోతే ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పటికీ కేకేస్తారు.

"ఎవరి బిడ్డో, మనకి నీళ్ళు తెత్తంది. దారియ్యండ్రా!"