కొన దొరకని వేరు

హుసేనప్ప చేతిలో గొడ్డలి ఉంది. పునాది గుంతలో అతని కాళ్ల ముందు తొడంత లావు వేరు ఉంది. వానలకు ఇంకా పదిరోజులే ఉన్నాయి.

గుట్ట మీది దర్గాకు వచ్చేవాళ్లకు తలదాచుకునే చోటు లేదు. పోయినేడు వానల్లో ఒక బాలింత బిడ్డను కొంగులో పొదువుకుని పూటంతా తడిసింది. అది కళ్లారా చూసిన హుసేనప్ప, ఈ ఏడు గది కట్టి తీరతానని గురువు మౌలాలి తాత ముందు ఒట్టేశాడు. ముప్పై ఏళ్లుగా తాపీ పట్టినవాడు. అతను తాడు కట్టాడంటే గోడ వెంట్రుకవాసి వంకరపోదు. ఆ మాట ఊరంతా అంటుంది. ఊరికంటే ముందు అతనే అంటాడు.

ఇప్పుడా తాడుకు చింతచెట్టు వేరు అడ్డమొచ్చింది.

"చెట్టు అంత దూరాన ఉంది తాతా. ఒక్క వేరు పోతే చస్తుందా?"

తాత అతని చేతిలోని గొడ్డలి తీసుకుని, చెంబెడు నీళ్లు చేతికిచ్చాడు.

"దీని కొన చూసి రా. తర్వాత నరుకుదువు. గడ్డపార మాత్రం ముట్టొద్దు."

హుసేనప్పకు ఒళ్లు మండింది. పనిరోజులు మట్టి గీకడానికా! అయినా గురువు మాట. నీళ్లు పోసి, మట్టి నానబెట్టి, చేత్తో తీయసాగాడు. వెనకాలే తాత, బయటపడిన వేరు మీద తడిగోనెలు పరుస్తూ వచ్చాడు. చెట్టు నీడ ఎప్పుడో అయిపోయింది. వేరు అయిపోలేదు.

దర్గాలో వంటచేసే రసూలమ్మ బిందెతో పోతూ ఆగింది. "ఏమప్పా మేస్త్రీ, గది కడతాండావా, గెణుసుగడ్డలు తవ్వుతాండావా?"

"ఆ మాట తాతనే అడుగు, పో!"

రెండోరోజుకు వేరు మణికట్టంత అయింది. అయినా ఆగలేదు. కాలిబాట దాటి, గుట్ట అంచున ఉన్న పెద్దతాత సమాధి వైపు పోయింది. మౌలాలి తాతకు గురువు ఆయన.

సమాధి రాయి దగ్గర హుసేనప్ప చెయ్యి నిలిచిపోయింది.

వేరు రాయిని పెకలించలేదు. దాని ముందు రెండుగా చీలి, అటూ ఇటూ చుట్టుకుని, అవతల మళ్లీ ఒకటైపోయింది. వందల పిల్లవేర్లు మట్టిని గుప్పిట పట్టి ఉన్నాయి.

ఆరేళ్ల కింద కుండపోత వానకు గుట్ట అంచంతా జారిపోయింది. సమాధి ఒక్కటే కదల్లేదు. మహిమ అన్నారు జనం. అందరికంటే గట్టిగా అన్నది హుసేనప్పే.

మట్టిచేతులతోనే సమాధి కింది ఆ పిల్లవేర్లను తడిమాడు.

వెనక నుంచి తాత గొడ్డలి చాచాడు. "కొన దొరికిందా?"

"లేదు తాతా. ఇంకా పోతానే ఉంది." చేత్తో సమాధి వైపు చూపాడు. "రాయి అడ్డమొస్తే... చుట్టు తిరిగి పోయింది."

"దాని చేతిలో గొడ్డలి లేదు నాయనా."

హుసేనప్ప గొడ్డలి అందుకోలేదు. వేరు పొడవునా మళ్లీ మట్టి కప్పి, నీళ్లు చల్లాడు. పునాదిలో దానికి ఇరుపక్కలా రాళ్లు పేర్చి, పైన నాపబండ వంతెనలా అడ్డంగా వేశాడు.

తొలివాన నాటికి గదికి కప్పు పడింది. ఆ గోడ ఇప్పటికీ ఒక్కచోట నేలను తాకదు.