ప్రమాదం లేని రోజులు

జోగారావు మాష్టారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా ముందు ఆయనే తిరిగి ఒక మాట అడిగేవారు: ఈ ప్రశ్న నీదేనా, ఇంకెవరిదైనా మోసుకొచ్చావా అని. వచ్చినవాళ్ళలో సగంమంది అక్కడే నీళ్ళు నమిలి లేచిపోయేవారు. ముప్ఫయ్యేళ్ళు బడిపంతులుగా చేసి, రిటైరయ్యాక చంపావతి ఏటి ఒడ్డున రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారాయన. ఆదివారాలు నలుగురూ చేరితే నాలుగు మాటలు చెప్పేవారు. దాన్ని వేదాంతమని ఆయన ఏనాడూ అనలేదు, వినేవాళ్ళే అనుకునేవారు.

అలా వచ్చేవాళ్ళలో తవిటినాయుడు ఒకడు. ఊరి చివర జూట్ మిల్లులో ఆఫీసరు. మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, వాళ్ళకి పని నేర్పించడం, బాగా చేసినవాళ్ళకి బహుమతులు ఇప్పించడం అతని ఉద్యోగం. మంచివాడు. తను మంచివాడినని అతనికి తెలుసు కూడాను, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఆదివారం అతను అందరూ వెళ్ళేదాకా అరుగు మీద కూర్చుని, చివరికి అడిగాడు. "మాష్టారూ, ఒక్క మనిషి కోసం ఆరువందల మంది నోటికాడ కూడు తీసెయ్యడం ధర్మమేనా?"

మాష్టారు తన మాట తాను అడిగారు. నాయుడు నాదేనన్నాడు. అయితే పిల్లి మీదా ఎలుక మీదా పెట్టకుండా సరిగ్గా చెప్పమన్నారాయన. నాయుడు చెప్పుకొచ్చాడు.

మిల్లు గేటు పక్కన నిలువెత్తు బోర్డొకటి ఉంది. పైన 'ప్రమాదం లేని రోజులు' అని రాసి ఉంటుంది. కింద ఒక అంకె. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ నిన్నటి అంకె తుడిచి ఇవాళ్టిది వేస్తాడు. ఆ బోర్డు నాయుడి ఆలోచనే. అంతకుముందు నెలకొకరి వేలో, గోరో మిషన్లో పోయేది. అయిదువందల రోజులు ఎవరికీ దెబ్బ తగలకపోతే మిల్లులో ప్రతి ఒక్కరికీ ఒక స్టీలు కుక్కరు ఇస్తామన్నారు. మధ్యలో ఏ ఒక్కరికి దెబ్బ తగిలినా అంకె సున్నా అయిపోతుంది, అందరికీనూ. అలా అయితే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారని నాయుడు అనుకున్నాడు. కనిపెట్టుకునే ఉన్నారు, పాపం. కుక్కర్లు అప్పుడే వచ్చి గోదాములో అట్టపెట్టెల్లో ఉన్నాయి. కట్టెల పొయ్యి ఊది ఊది కళ్ళు పాడుచేసుకున్న ఆడవాళ్ళు వాటిని గోదాము కిటికీలోంచి చూసి వచ్చేవారు.

బోర్డు వచ్చాక పనిలోకి తీసుకునే పద్ధతీ మారింది. కొత్తగా వచ్చినవాళ్ళని నాయుడు తప్పకుండా ఒకటి అడిగేవాడు: పనిలో చిన్న దెబ్బ తగిలితే ఏం చేస్తావు? మిల్లులో డాక్టరున్నాడా బాబూ అని అడిగినవాళ్ళు ఇంటికి పోయారు. గుడ్డ కట్టుకుని పని చూసుకుంటానన్నవాళ్ళ పేరు పక్కన టిక్కు పడింది. అది ధైర్యమనుకున్నాడు నాయుడు. ఇక పని నేర్పడం మూడు రోజులు. మొదటి పూటంతా వాళ్ళని ఆ బోర్డు ముందే నిలబెట్టి, ఈ అంకె ఇంతమంది చెమట, నీ వల్ల పోకూడదు అని చెప్పేవారు. మిషన్ ఎలా ఆపాలో మూడోరోజు సాయంత్రం, ఇంటికి పోయే తొందరలో చూపించేవారు.

స్పిన్నింగులో పైడమ్మ అని ఒక మనిషి. మొగుడు లేడు, ఒక్కతే కూతురు. పన్నెండు రోజుల కిందట ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళు రోలర్ల మధ్య నలిగాయి. పక్కనున్న ఆడవాళ్ళే చెయ్యి లాగారు. కింద పడున్న నార పీలికలు చుట్టారు. ఇంట్లో రుబ్బురోలు పొత్రం పడిందని చెప్పవే తల్లీ అని బతిమాలారు. కొట్టి చెప్పలేదు, బెదిరించలేదు. ఆవిడ వంతు పని వాళ్ళే పంచుకుని చేశారు. పసుపు తెచ్చి పూశారు. చెయ్యి వాచి మెతుకు ఎత్తలేకపోతే తమ టిఫిన్లోంచి కలిపి నోట్లో పెట్టారు. అలా పదకొండు రోజులు పైడమ్మ డ్యూటీకి వచ్చింది. నిన్న చెయ్యి మోచేతిదాకా నల్లబడితే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మోచేతి పైదాకా చెయ్యి తీసేశారు.

ఇప్పుడు నాయుడి బల్ల మీద ఒక కాగితం ఉంది. దెబ్బ ఎక్కడ తగిలిందో రాసి రేపు సంతకం పెట్టాలి. మిల్లులో అని రాస్తే పైడమ్మకి బతికినన్నాళ్ళూ పింఛను వస్తుంది, బోర్డు సున్నా అవుతుంది. ఇంట్లో అని రాస్తే ఆవిడకి ఏమీ రాదు. ఒంటి చేతి మనిషికి పని ఇచ్చేవాళ్ళూ ఎవరూ ఉండరు. ఇవాళ బోర్డు మీద అంకె నాలుగువందల తొంభై మూడు. ఆ మనిషే ఇంట్లో అంటుంటే మధ్యలో మనకెందుకయ్యా అన్నాడు మేనేజరు.

"నేను చెడు ఏం చేశాను మాష్టారూ? దెబ్బలు తగలకూడదనే కదా బహుమతి పెట్టాను," అన్నాడు నాయుడు.

మాష్టారు తన సంగతి ఒకటి చెప్పారు. ఆయన హెడ్‌మాస్టరుగా చేసిన ఒక పల్లెలో కోతలప్పుడూ నాట్లప్పుడూ బడి ఖాళీ అయిపోయేదట. అందుకని ఆయన ఒక నీలం జెండా కుట్టించారు. ఏ తరగతిలో పిల్లలందరూ వస్తే ఆ రోజు ఆ తరగతి గుమ్మానికి ఆ జెండా. నెలంతా జెండా దిగకపోతే ఆ తరగతి పిల్లల్ని భీమిలి తీసుకెళ్ళి సముద్రం చూపిస్తానన్నారు. ఆ పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. బడి కిటకిటలాడింది. పై అధికారులు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు.

నాలుగో తరగతి వాళ్ళకి ఇంకొక్క రోజు మిగిలింది. ఆ రోజు అసిరి అనే పిల్ల రాలేదు. గొంతు వాచి, ఒళ్ళు కాలిపోతూ ఇంట్లో పడి ఉంది. తల్లీతండ్రీ పొలానికి పోయారు. నలుగురు పిల్లలు వెళ్ళి ఆ పిల్లని భుజాల మీద మోసుకొచ్చారు. గోడకి చేరేసి కూర్చోబెట్టారు. తమ పలకలు తీసి, సంచీలు మడిచి వీపు వెనక పెట్టారు. మాష్టారు హాజరు పిలిచారు. అసిరి పేరు వచ్చేసరికి ఆ పిల్లకి మాట రాలేదు. పక్కనున్న పిల్ల దాని చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"మీరు చూశారా?" అన్నాడు నాయుడు.

"చూశాను. ఒక్క రోజే కదా అనుకున్నాను," అన్నారు మాష్టారు. "వచ్చినట్టే వేశాను."

తెల్లారేసరికి అసిరి లేదు. మరి సముద్రానికి తీసుకెళ్ళారా అని అడిగాడు నాయుడు. తీసుకెళ్ళాననే చెప్పారాయన. మాట ఇచ్చారు కదా, ఆ నెల హాజరు నూటికి నూరూ ఉంది కదా. పిల్లలు నీళ్ళలోకి దిగకుండా ఒడ్డున వరసగా నిలబడ్డారట. ఆ తరవాతి నెల ఏం జరిగిందని మాత్రం నాయుడు అడగలేదు. అడిగుంటే బాగుండును.

అక్కణ్ణుంచి నాయుడు నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. పైడమ్మ మంచం మీద, ఉన్న చెయ్యి లేని చెయ్యి మీద వేసుకుని పడుకుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. దెబ్బ మిల్లులోనే తగిలిందని రాస్తున్నానమ్మా, నీకు పింఛను వస్తుందని చెప్పాడు నాయుడు. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ బెదిరిపోయింది.

"రుబ్బురోలేనండి బాబూ. ఇంకో వారం కాదేటి? ఆళ్ళందరికీ కుక్కర్లొచ్చీనివ్వండి." నాయుడు తల అడ్డంగా ఊపేసరికి ఆవిడ ఏదో తప్పు పట్టుబడినట్టు గొంతు తగ్గించింది. "మీరు పన్లోకి ఎట్టుకున్నప్పుడే సెప్పినాను కదా బాబూ, గుడ్డ కట్టీసుకుని పని సేసుకుంటానని."

నాయుడికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ పేరు పక్కన తను పెట్టిన టిక్కు కళ్ళ ముందు మెదిలింది. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి, మేనేజరు మొహం చూడకుండా, మిల్లులోనే అని రాసి సంతకం పెట్టాడు. వాచ్‌మన్ బోర్డు తుడిచి సున్నా వేశాడు. షిఫ్టుకి వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఆగి చూశారు. ఎవరూ అరవలేదు, లోపలికి వెళ్ళి ఎవరి మిషన్ దగ్గర వాళ్ళు నిలబడ్డారు. గోదాము కిటికీ మూయించారు. పసుపు పూసినవాళ్ళూ, కలిపి పెట్టినవాళ్ళూ మళ్ళీ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. పైడమ్మ కూతురు వీధికుళాయి దగ్గర బిందె పెడితే ఎవరో దాన్ని కాలితో పక్కకి జరిపారట.

ఆ సాయంత్రం నాయుడు అందర్నీ గేటు దగ్గర పిలిచి మాట్లాడాడు. మనసు పాడుచేసుకోవద్దనీ, కుక్కర్లు ఎక్కడికీ పోవనీ, ఈసారి ఇంకా జాగ్రత్తగా ఉందామనీ చెప్పాడు. ఆ వారం అతను సెక్షన్లు తిరుగుతుంటే అక్కడక్కడా ఒకరిద్దరు అతన్ని చూసి చేతులు వెనక్కి దాచుకున్నారు. కోపంగా ఉన్నారు, నాలుగు రోజుల్లో చల్లబడతారు అనుకున్నాడు.

మళ్ళీ ఆదివారం చంపావతి ఒడ్డుకి వచ్చేసరికి అతని గుండె బరువు చాలా మటుకు దిగింది. పైడమ్మకి పింఛను ఖాయమైందని చెప్పాడు. తనకి రావలసిన ప్రమోషన్ పోయినట్టేనని కూడా చెప్పాడు, అయినా బాధ లేదన్నాడు. చేసిన తప్పు దిద్దుకున్నానా మాష్టారూ అని అడిగాడు. ఈసారి ఆ ప్రశ్న నీదేనా అని మాష్టారు అడగలేదు.

"బోర్డు మీద ఇవాళ ఎంతుంది?" అన్నారు.

"ఆరు."

మాష్టారు ఏటివైపు తిరిగారు.

"నేనూ అంతే, నాయుడూ," అన్నారు. "సముద్రం చూపించి వచ్చాక, ఒకటో తారీఖున మళ్ళీ జెండా కట్టాను."