తెల్లపొట్ట రాళ్లు

శోభనాద్రికి రాళ్లంటే గిట్టదు.

అందులో అతని తప్పేమీ లేదు. పుట్టి పెరిగింది కృష్ణ ఒడ్డున, లంక పొలాల్లో. అక్కడి ఒండ్రుమట్టిని గుప్పిట పట్టి పిసికితే వెన్నముద్దలా చేతికి అంటుకుంటుంది. ఎంత లోతు తవ్వినా గోళీకాయంత రాయి తగలదు. అలాంటివాడు నలభై ఏళ్లు వచ్చాక, మనసుకు నెమ్మది లేక, గురువును వెతుక్కుంటూ ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి, సీమలో ఆ గుట్టల కిందికి చేరాడు.

అదీ ఒండ్రు నేలే. కాకపోతే వాగు తెచ్చిన ఒండ్రు. ఏడాదికి మూడు నాలుగు సార్లు, గట్టి వాన పడ్డ పూట మాత్రం, ఆ వాగు గుట్టల సందులోంచి ఉరుముకుంటూ దిగుతుంది. మైదానం కనపడేసరికి దాని ఊపు తగ్గిపోతుంది. మోసుకొచ్చిన రాళ్లూ గులకా ఇసుకా విసనకర్రలా పరిచేసి, తను ఆ గులకలోకే ఇంకిపోతుంది. అట్లా ఎన్ని వేల ఏళ్లుగా పరుస్తోందో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ చోటిని ఎడారి అనే అంటారు. రేగుకంపా నాగజెముడూ తప్ప పచ్చనిది కంటికి ఆనదు.

ఆ ఎడారి నడుమ దస్తగిరి స్వామి కొట్టం ఉంది. ఆయన సూఫీ ఫకీరు, డెబ్బై దాటిన మనిషి. కొందరు స్వామీ అంటారు, కొందరు బాబా అంటారు, ఆయన రెండింటికీ పలుకుతాడు. సంతకు పోయేవాళ్లు, గొర్రెల కాపర్లు, ఎండకు తాళలేనివాళ్లు అక్కడ ఆగి, నీళ్లు తాగి, ఇంత సంగటి తిని, కాసేపు కూర్చుని పోతుంటారు.

ఉపదేశం ఇమ్మని శోభనాద్రి అడిగితే, స్వామి కొట్టం వెనక ఉన్న అరెకరం గరుసు నేల చూపించాడు.

"దాంట్లో దోస పెట్టు నాయనా. దారిన పోయేవాళ్లకు పండ్లు పెడదాం" అన్నాడు. తనకు ఓపిక తగ్గిందని, కొట్టం సంగతి కూడా ఇక అతన్నే చూసుకోమని చెప్పాడు.

శోభనాద్రి ఆ నేలను చూసి దిగులుపడ్డాడు. ఎక్కడా మన్ను కనపడదు. రాయి పక్కన రాయి, చేయి తిరిగిన మేస్త్రి ఎవరో పరిచినట్టు ఉన్నాయి. వాగులో దొర్లి దొర్లి నున్నబడ్డ రాళ్లు. పైభాగం ఎండకు కాలి కాలి నూనె రాసినట్టు నల్లగా మెరుస్తోంది. తిరగేస్తే పొట్ట మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. రాయి ఎత్తిన చోట మెత్తటి ఎర్రమన్ను.

ఇంత మంచి మన్ను ఈ రాళ్ల కింద పడి నలిగిపోతోందే అనుకున్నాడు. మర్నాడే గంప పట్టాడు.

మాఘమాసంలో మొదలుపెట్టి మూడున్నర నెలలు ఏరాడు. చేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు కాయలు కాశాయి. ఏరిన రాళ్లన్నీ చేను చుట్టూ నడుమెత్తు కట్టగా పోశాడు.

కొట్టంలో ఇంకా ఇద్దరున్నారు. ఒకామె చౌడమ్మ, వంట ఆమెది. సంగటి గిన్నె పట్టుకుని చేను గట్టు దాకా వచ్చినప్పుడల్లా, ఆ రాళ్లు నీకేం అన్యాయం చేసినాయబ్బీ అని దెప్పి పోయేది. రెండో అతను గంగులప్ప. ఒకప్పుడు ఊరూరా తిరిగి డోలు వాయించినవాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి, చేతికి ఏ పనీ లేక, నోటికి మాత్రం ఎడతెగని పని పెట్టుకున్నాడు. పోసిన రాళ్ల మీదే ఎక్కి కూర్చుని, వాగు ఎప్పుడెప్పుడు ఎవరెవరి గొర్రెను కొట్టుకుపోయిందో చెప్పేవాడు. ఒక్క రాయి ఎత్తిన పాపాన పోలేదు.

చేను శుభ్రపడుతున్న కొద్దీ శోభనాద్రి చూపు కొట్టం మీదికి మళ్లింది.

చౌడమ్మ కోడి కూసింది మొదలు ఏదో ఒకదాన్ని తిడుతూనే ఉండేది. కాకిని తిట్టేది, పొగను తిట్టేది, ఆకలితో వచ్చినవాణ్ని, సంగటి చల్లారినాకనా నువ్వొచ్చేది అని తిట్టేది. తిడుతూనే వాడి గిన్నెలో రెండో ముద్ద వేసేది. శోభనాద్రికి తిట్లు వినపడేవి. రెండో ముద్ద కనపడేది కాదు. ఇక గంగులప్ప కథలు. ధ్యానానికని కళ్లు మూసుకుంటే చాలు, ఎవరి గొర్రె ఏమైందో అని మనసు అటే పోయేది.

ఒకరోజు స్వామి దగ్గర ఆ మాటే ఎత్తాడు. కొట్టానికి ఒక పద్ధతి పెడదామనుకుంటున్నానండీ అన్నాడు.

"నీకట్ల తోచిందా? కానియ్" అన్నాడు స్వామి.

పద్ధతి పెట్టాడు. పొద్దు పొడిచింది మొదలు మిట్టమధ్యాహ్నం దాకా అందరూ మౌనంగా ఉండాలి. తిండి తినేవాళ్లంతా ఏదో ఒక పని చెయ్యాలి. చౌడమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడోరోజు పొద్దున్నే మూట కట్టుకుని, బూడిద కలిపి దాచిన దోసగింజలు గుడ్డలో పోసి శోభనాద్రి చేతిలో పెట్టి, రెండు మైళ్ల అవతల వంకపల్లెలో ఉన్న చెల్లెలింటికి బయలుదేరింది. వినేవాళ్లు లేని చోట నేనెందుకని గంగులప్ప కూడా కర్ర పట్టుకుని ఆమె వెనకే కుంటుకుంటూ నడిచాడు.

స్వామి వాళ్లను వాగు దాకా సాగనంపి వచ్చాడు. ఆ పూట తన గిన్నె తనే బూడిద పెట్టి తోముకున్నాడు.

నాలుగు రోజులకు చేను పని ముగిసింది. శోభనాద్రి స్వామిని తీసుకెళ్లి చూపించాడు. అరెకరంలో ఎక్కడా ఉసిరికాయంత రాయి లేదు. ఎర్రగా, నున్నగా, అలికిన వాకిలిలా ఉంది. స్వామి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెప్పుల్లేకుండా నడిచాడు.

"అరచేయి మాదిరి చేసినావే" అన్నాడు.

అని, కట్ట దగ్గరికి పోయి, కొబ్బరికాయంత రాయి ఒకటి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని చేను నట్టనడుమకు తీసుకెళ్లి, తెల్లపొట్ట కిందికి వచ్చేట్టు పెట్టి, దూడ వీపు తట్టినట్టు ఒకసారి తట్టి, కొట్టంలోకి వెళ్లిపోయాడు.

శోభనాద్రికి ఒళ్లు మండింది. మూడున్నర నెలల కష్టం మీద ఒక మచ్చ. దాన్ని తీసెయ్యాలని మూడుసార్లు చేనులోకి వెళ్లాడు. గురువు చేత్తో పెట్టింది కదా అని మూడుసార్లూ ఊరికే తిరిగి వచ్చాడు.

ఆషాఢంలో ఒక సాయంత్రం వాన దిగింది. గంటసేపే, కానీ దంచింది. మర్నాడు పదునులో గింజలన్నీ పెట్టేశాడు. లంకల్లో అయితే మూడోనాటికి మొలక కనపడేది.

ఇక్కడ మూడోనాటికి నేల అప్పడమైంది. అడ్డు లేక చినుకులన్నీ సూటిగా మన్నునే కొట్టాయి. సన్నటి బురద పైకి తేలి, ఎండకు చెక్కు కట్టి, వేలితో తడితే టంగుమంది. లోపల మొలకెత్తిన గింజ తల ఎత్తలేక మెడ విరుచుకుంది. పగుళ్లలోంచి ఎలాగో బయటపడ్డ నాలుగు మొలకలకు పడమటి గాలి ఎదురైంది. రాళ్లున్నన్నాళ్లూ ఆ గాలికి మన్ను అందలేదు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. చెక్కు పొడిపొడిగా రాలి, ఎర్రమన్ను పొగలా లేచి, చేను దాటి, వాగు దాటి పోయింది. సంగటిలో మన్ను, కళ్లల్లో మన్ను. వారంలో చేను రెండు వేళ్ల మందం కోసుకుపోయింది.

కొట్టానికి మనుషులు రావడం కూడా తగ్గింది. వచ్చినవాళ్లు లోపలికి తొంగి చూసి, చౌడమ్మ లేదా అని అడిగి, నీళ్లు మాత్రం తాగి పోతున్నారు. ఒక గొర్రెల కాపరి గుమ్మంలో నిలబడి చాలాసేపు చెవి రిక్కించి విన్నాడు. తరవాత శోభనాద్రిని జాలిగా చూసి, "ఇంట్లో ఎవరన్నా పోయినారా సామీ?" అని అడిగాడు.

కోరుకున్న నిశ్శబ్దం దొరికింది. అందులో గాలి తప్ప ఏమీ వినపడలేదు. కళ్లు మూసుకుంటే మనసు మునుపటికన్నా ఎక్కువ పరిగెత్తింది. ఇక్కడి మన్నే మంచిది కాదు, నా రాత కూడా మంచిది కాదు అనుకుని, ఒక పొద్దున మూట కట్టుకుని, స్వామితో చెప్పి పోదామని లేచాడు. స్వామి కొట్టంలో లేడు. చేనుకు అడ్డం పడి వెతుక్కుంటూ నడిచాడు.

నట్టనడుమ, ఆ రాయి పక్కన, రెండు ఆకులు కనపడ్డాయి.

దోస మొలక. బొద్దుగా, పచ్చగా, ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. శోభనాద్రి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చుట్టూ నేల మీద చేయి వేశాడు. కుండపెంకులా కాలుతోంది. రాతిని అంచు పట్టుకుని కొంచెం పైకి లేపి, కింద వేలు పెట్టాడు. చల్లగా తగిలింది. వాన వెలిసి పదిరోజులైంది, కింద ఇంకా తడి ఉంది. మొలక వేరు తెల్లటి దారంలా ఆ తడిలోకి పోయి, అక్కణ్నుంచి ఇంకా లోతుకు దిగింది. గభాలున రాతిని ఎలా ఉన్నదాన్ని అలా దించేశాడు, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి పొరపాటున తొలగించినవాడిలా.

ఎండ వీపు మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. తరవాత లేచి మూట రాళ్లకట్ట మీద పెట్టి, గంప తీసుకున్నాడు.

నాలుగు రాళ్లు పరిచేసరికి పక్కన అడుగుల చప్పుడైంది. స్వామి వాగు వైపు నుంచి వచ్చాడు. తనూ ఒక రాయి చంకన పెట్టుకుని చేనులోకి దిగాడు. శోభనాద్రి తలకిందులుగా పెట్టిన రాతిని స్వామి వంగి తిప్పాడు. ఆ తెలుపు ఏమిటని అడిగితే, అది తాగిన వానల గుర్తు అన్నాడు. నేలలోకి దిగిన తడి ఎండి పోతూ పోతూ రాయి పొట్టన ఇంత సున్నం అంటించి పోతుందట. పొర అంత మందం కావాలంటే ఎన్ని తరాల వానలు కావాలో లెక్క లేదన్నాడు.

శోభనాద్రి కట్ట వైపు తిరిగి చూశాడు. పెద్దవీ చిన్నవీ, నున్నవీ మొరటువీ, అన్నీ ఒకే కుప్ప.

"ఇందులో ఏవేవి మళ్లీ వెయ్యాలండీ?" అని అడిగాడు.

"ఏరేటప్పుడు ఏవేవని ఏరినావు?" అన్నాడు స్వామి.

శోభనాద్రి చూపు ఖాళీగా ఉన్న కొట్టం వైపు పోయింది. తరవాత గంప నేల మీద పెట్టి, పైగుడ్డ దులిపి తలకు చుట్టుకుని, వంకపల్లెకు దారి ఎటండీ అని అడిగాడు. స్వామి గడ్డంతో చూపించాడు.

చౌడమ్మ చెల్లెలి వాకిట్లో రాగులు విసురుతోంది. గంగులప్ప అరుగు మీద కూర్చుని ఇద్దరు ముసలివాళ్లకు ఏదో చెబుతున్నాడు. శోభనాద్రి దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఆమె తల ఎత్తి చూడగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"సంగటి ఉండలు కడుతోందమ్మా" అన్నాడు.

చౌడమ్మ తిరగలి ఆపి అతన్ని పైనుంచి కిందికి చూసింది. చిక్కిపోయాడు. చెంపల మీద ఎర్రమన్ను.

"ఎసట్లో పిండి పోసి, కెలకకుండా ధ్యానానికి కూర్చున్నావా?"

"కూర్చున్నానమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి మళ్లీ తిట్లకే దిగింది. గింజలు మొలవలేదని చెప్పబోతే, మొలవవని తనకు ముందే తెలుసంది. కొంగు ముడి విప్పి చూపించింది. అందులో బూడిద అంటిన దోసగింజలు, ఇంకా ఇన్ని ఉన్నాయి. "నువ్వు రాళ్లు ఏరేది చూసినప్పుడే సగం దాచుకున్నా" అంది. వస్తాను గానీ, ఈ తిరగలి తన తల్లి నాటిదని, అది వస్తేనే తను వచ్చేదని తెగేసి చెప్పింది.

శోభనాద్రి పైగుడ్డను తల మీద చుట్టకుదురులా చుట్టుకున్నాడు. అరుగు మీది ముసలివాళ్లు సాయం పట్టి రెండు రాళ్లూ అతని తలకెత్తారు.

రెండు మైళ్లూ చౌడమ్మ ముందు నడుస్తూ అతని చేతకానితనాన్ని తిడుతూనే ఉంది. వెనక గంగులప్ప, వినే చెవి దొరికిన సంతోషంలో, వాగు ఒకప్పుడు ఒక పెళ్లివారి డోలును కొట్టుకుపోయిన కథ ఎత్తుకున్నాడు. కుంటివాడు వెనకబడితే కథ వినపడటం లేదని, మెడ నొప్పిగా ఉన్నా శోభనాద్రే అడుగు తగ్గించి నడిచాడు. చివరికి ఆ డోలు ఎక్కడ తేలిందో చెప్పేసరికి పక్కున నవ్వాడు, తల మీద రాళ్లు ఊగి పడబోయాయి.

పొద్దు వాలుతుండగా కొట్టం చేరారు. స్వామి ఇంకా చేనులోనే వంగి రాళ్లు సర్దుతున్నాడు. మనుషుల సందడి విని నడుం నిలబెట్టాడు. చౌడమ్మను చూశాడు, గంగులప్పను చూశాడు. తల మీద తిరగలితో, ముఖమంతా చెమటతో, ఇంకా నవ్వు ఆగని శిష్యుణ్ని చూశాడు.

"అది మాత్రం చేన్లో వెయ్యొద్దు నాయనా" అన్నాడు.