శౌరమ్మ విన్న పాఠం

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం అడక్కండి. గడియారాలు ఇంకా ఇంటింటికీ రాని రోజులనుకోండి. ఒక పట్నం. పట్నం అంచున ఒక గుట్ట. గుట్ట మీద ఫాదర్ల బడి. మీరు ఊఁ కొడితే చెబుతాను, కొట్టకపోతే లేచి పోతాను. నా తిక్క నాది.

ఆ బడిని సముద్రం అవతలి నుంచి వచ్చిన ఒక తెల్లగడ్డం ఫాదరు తాటాకు పందిట్లో మొదలుపెట్టాడు. కన్ను మూసే ముందు అందరినీ పిలిచి ఒక్క మాట చెప్పాడట. "బల్ల మీద ఒక్కరు కూర్చుని ఉన్నా సరే, పాఠం ఆపొద్దు" అని. ఆ మాట గుట్ట మీద శాసనమైపోయింది.

బడి పెరిగింది. పందిరి పెంకుటిల్లయింది, పెంకుటిల్లు మేడయింది, బడి కాలేజీ అయింది. వ్యాపారం చదువు వచ్చింది, లెక్కల చదువు వచ్చింది, యంత్రాల చదువు వచ్చింది. పిల్లలు చీమల బారులా గుట్ట ఎక్కారు. కూడు పెట్టే చదువులు, వాటిని నేనేమీ అనను. కానీ కొత్తది వచ్చినప్పుడల్లా పాతది ఒకటి ఖాళీ అయ్యేది. మొదట లాటిను పాఠంలో బల్లలు ఖాళీ అయ్యాయి. బడి పెరిగింది, పాఠం పోయింది. తర్వాత తర్కం పాఠంలో ఖాళీ అయ్యాయి. బడి పెరిగింది, పాఠం పోయింది. చివరికి మిగిలింది రాయప్ప మాస్టారు చెప్పే తెలుగు కావ్యం పాఠం.

ఇక శౌరమ్మ. గుట్ట కింద పల్లెలో ఉండేది. మొగుడు ముందే పోయాడు. ఒక్కగానొక్క కూతురు లూర్దు తట్టు పోసి పోయింది. ఆ పిల్ల పోయినప్పటి నుంచీ శౌరమ్మ గుట్ట మీద గదులు ఊడ్చుకుంటూ బతుకుతోంది. అక్షరం ముక్క రాదు. జపాలు మాత్రం నోటికి వచ్చు.

మాస్టారి గది ముందు వరండా ఊడ్చేటప్పుడు ఆమె చీపురు నెమ్మదించేది. లోపల మాస్టారు ఏదో పాతకాలపు కావ్యం చెబుతుండేవారు. అందులో ఒక తల్లికి తిరునాళ్ళలో బిడ్డ తప్పిపోతుంది. ఆ తల్లి కొండ దగ్గరికి వెళ్ళి నా బిడ్డను చూశావా అని అడుగుతుంది. కొండ పలకదు. అడవిని అడుగుతుంది. అడవి పలకదు. ఏటి ఒడ్డుకు వెళ్ళి నిలబడుతుంది. పద్యం శౌరమ్మకు తలా తోకా తెలిసేది కాదు. మాస్టారు తాత్పర్యం చెప్పేసరికి మాత్రం కొంగు తడిసిపోయేది.

ఒకరోజు మాస్టారి దగ్గర మిగిలిన ఒక్క కుర్రాడూ యంత్రాల చదువుకు వెళ్ళిపోయాడు. మాస్టారు వచ్చారు. బల్లలు చూశారు. పుస్తకం మూసి వెనక్కి తిరిగారు.

శౌరమ్మ చీపురు గోడకు ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి వెనక బల్ల చివర కూర్చుంది.

"ఇదేంటి శౌరమ్మా?" అన్నారు మాస్టారు.

"నేనున్నాగా అయ్యగారూ. ఆ తల్లికి బిడ్డ దొరికిందా లేదా, అది చెప్పండి."

మాస్టారు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత పుస్తకం తెరిచారు.

ఆనాటి నుంచి రోజూ ఆయన చెప్పేవారు, ఆమె వినేది. కాలేజీకి పెద్దయిన పెద్ద ఫాదరుకు ఈ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడు. బల్ల మీద ఒక్కరున్నారు కదా, తెల్లగడ్డం ఫాదరు మాట చెల్లింది కదా. శౌరమ్మకు లూర్దు పోయాక పొద్దున్నే లేవాలనిపించింది ఆ రోజుల్లోనే.

అయితే ఆశకు అంతెక్కడ? పక్క పట్నాల్లో యూనివర్సిటీలు వెలుస్తున్నాయి. మన కాలేజీ కూడా యూనివర్సిటీ కావాలని పెద్ద ఫాదరు పట్టుబట్టాడు. పరిశీలించడానికి కమిటీ వాళ్ళు వచ్చారు. మేడలు చూశారు, మెచ్చుకున్నారు. యంత్రాలు చూశారు, మెచ్చుకున్నారు. "పిల్లలు లేని పాఠాలు ఏమైనా ఉంటే మూసేయాలి" అన్నారు.

"ఖాళీ బల్లలు మా దగ్గర లేవండీ" అన్నాడు పెద్ద ఫాదరు. అని, వాళ్ళను మాస్టారి గదికి తీసుకొచ్చాడు. తెల్లగడ్డం ఫాదరు మాట నిలిస్తే బాగుండునని ఆయనకూ ఉంది, అది ఒప్పుకోవాలి.

శౌరమ్మ పండక్కి కట్టే తెల్ల చీర కట్టుకుని వెనక బల్ల మీద కూర్చుని ఉంది. కోట్లు వేసుకున్న వాళ్ళను చూసి లేచి నిలబడింది.

"ఏమ్మా, ఇక్కడ ఏం నేర్చుకుంటున్నావు?" అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన.

ఇక్కడే కొంప మునిగింది. శౌరమ్మను పెద్దవాళ్ళు నిలబెట్టి ప్రశ్న అడగడం బతుకులో ఒక్కసారే జరిగింది. చిన్నప్పుడు పల్లెకు బిషపుగారు వచ్చినప్పుడు. గుడిలో జపాలు నేర్పే ఉపదేశి ముందే నేర్పాడు. పెద్దవాళ్ళు ఏది అడిగినా చేతులు కట్టుకో, సిలువ గుర్తు వేసుకో, నేర్పింది గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పు, సొంత మాట ఒక్కటి కూడా కలపకు అన్నాడు. అంతకు మించి జవాబంటూ ఒకటి ఉంటుందని ఆమెకు తెలీదు. పైగా కథ వింటున్నానని చెబితే, పని ఎగ్గొట్టి కథలా అని మాస్టారిని తిడతారేమోనని భయం.

శౌరమ్మ సిలువ గుర్తు వేసుకుంది. "నన్ను పుట్టించినవాడు సర్వేశ్వరుడు. ఆయన్ను ఎరగడానికి, ప్రేమించడానికి, సేవించడానికి పుట్టించాడు" అని అప్పజెప్పింది.

"అది కాదమ్మా. ఈ మాస్టారు ఏం చెప్పారు?"

"నన్ను పుట్టించినవాడు సర్వేశ్వరుడు."

"పోనీ, అక్షరాలు వచ్చా నీకు?"

"రావండి."

ఒకాయన నవ్వాడు. ఆయన్ను చూసి రెండో ఆయన నవ్వాడు. సిగ్గుతో ఏం చెయ్యాలో తోచక పెద్ద ఫాదరు కూడా నవ్వాడు. మాస్టారు ఒక్కరే నవ్వలేదు. ఏటి ఒడ్డున ఉన్న తల్లి గురించి ఒక్క మాట చెప్పు శౌరమ్మా, ఒక్క మాట చాలు అన్నట్టు ఆమె వంకే చూస్తున్నారు. ఆమె ఆ చూపు చూసింది. కట్టుకున్న చేతులు విప్పకుండా తల దించుకుంది.

బడి యూనివర్సిటీ అయింది. బాణసంచా కాల్చారు. బడి పెరిగింది, పాఠం పోయింది.

శౌరమ్మ పెద్ద ఫాదరు దగ్గరికి వెళ్ళింది. "ఫాదరుగారూ, తప్పు నాది. వాళ్ళను ఇంకోసారి అడగమనండి. ఈసారి సరిగ్గా చెబుతా" అంది. ఆయన కొత్త మేడకు ముగ్గు పోయిస్తున్నాడు. తర్వాత రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఆయన అతిథులతో ఉన్నాడు. తర్వాత రమ్మన్నాడు. మూడోసారి వెళ్ళింది. ఆ రోజు ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మనసులో మాట చెప్పేశాడు.

"నీ తప్పేం లేదు శౌరమ్మా. నువ్వు సరిగ్గా చెప్పినా మూసేవాళ్ళమే. యూనివర్సిటీ కావాలంటే తప్పదని వాళ్ళు రాకముందే అనుకున్నాం."

ఓదార్పు మాటే అనుకున్నాడు ఆయన. శౌరమ్మ మెట్లు దిగి వస్తూ వస్తూ మధ్యలో కూలబడింది. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు. ఎవరిదీ కాని తప్పును ఎవరు దిద్దుతారు?

వరండాలో మాస్టారు ఎదురుపడ్డారు. పుస్తకాలు మూట కట్టుకుని ఇంటికి పోతున్నారు. "అయ్యగారూ, ఆ తల్లికి బిడ్డ..." అంది. మాస్టారు తల తిప్పుకున్నారు. "రేపు చెబుతానమ్మా" అన్నారు. ఆ రేపు రాలేదు. ఆయనకు మళ్ళీ గుట్ట ఎక్కే మనసు రాలేదు.

శౌరమ్మ ఆ గది ఊడుస్తూనే ఉంది. బల్లలు తీసేసి బీరువాలు పెట్టినా ఊడ్చింది. ముసురు పట్టిన రోజుల్లో ఒకనాడు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు పల్లెవాళ్ళు తలుపు తోశారు. ఆమెను గుట్ట వెనక సమాధుల దొడ్డిలో పెట్టారు. రాయి లేదు. రెండు చెక్కలతో ఒక సిలువ పాతారు.

అందరూ వెళ్ళిపోయాక రాయప్ప మాస్టారు మిగిలారు. తడి మట్టి పక్కన కూర్చున్నారు. వెంట తెచ్చిన పుస్తకాల మూట విప్పారు. ఏటి ఒడ్డు నుంచి ఎత్తుకున్నారు. పద్యం చదివారు, తాత్పర్యం చెప్పారు. ఆ తల్లి ఏటిని అడుగుతుంది. ఏరు పలకదు. బిడ్డ దొరకదు. కావ్యంలో అంతే ఉంది. "అందుకే చెప్పలేకపోయాను శౌరమ్మా, మన్నించు" అని ఆయన పెద్దగా ఏడ్చారు. మార్చి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించిందట. ఇన్నాళ్ళు విన్న మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదట.

ఆ యూనివర్సిటీ ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ పెరుగుతోంది. ఏడాదికి ఒక కొత్త చదువు వస్తుంది, ఒక పాతది మూతపడుతుంది. మూతపడ్డ రోజున ఆ పాఠం చెప్పే మాస్టారు గుట్ట వెనక్కి వెళతాడు. ఆయన హిందువైనా, తురకైనా, ఏ దేవుణ్ణీ నమ్మనివాడైనా సరే వెళతాడు. ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి ఎత్తుకుని, మిగిలిన పాఠం మొత్తం శౌరమ్మకు చెప్పి, చేతులకంటిన మట్టి దులుపుకుని ఇంటికి పోతాడు. "ఫలానా ఆయన ఏడీ?" అని ఎవరైనా అడిగితే, "శౌరమ్మకు పాఠం చెప్పి వెళ్ళిపోయాడు" అంటారు గుట్ట మీద.

కిందటేడు చరిత్ర చెప్పే ఆయన వెళ్ళాడు. ఈ ఏడు ఇద్దరు వెళ్ళారు. ఒకరు చెబుతుంటే రెండో ఆయన కాస్త ఎడంగా నిలబడి, తన వంతు కోసం కాచుకున్నాడట.