సింగరయ్యను తిట్టే గొంతు

అనగనగనగా, ఎప్పటి ముచ్చటో గానీ, సిరికొండ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఒక కొండ, కొండ మీద అమ్మవారి గుడి, కొండ కింద గుడి వంటశాల. ఆ వంటశాలకు పెద్ద వంటవాడు సింగరయ్య. చేతి వంట అమృతం, మనసు వెన్న. పొట్ట మాత్రం మనిషి కన్నా ముందు నడిచేది.

అక్కడో ఆచారం ఉంది. ఏటా జాతరనాడు పొంగలి వండినవాడే కుండను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాలి. దారిలో కుండ నేలను తాకిందా, ఇక అది నైవేద్యానికి పనికిరాదు. అమ్మవారికి ఆ పూట పస్తే! పోయినేడు సింగరయ్య సగం కొండ దగ్గర ఆయాసపడి కుండ దించేశాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

రాజుగారు పిలిపించారు. "సింగరయ్యా, మీ తాత నాటి నుంచి వస్తున్న కొలువిది. ఈసారి గనక కుండ దిగిందా, వంటశాల ఇంకొకరికి అప్పగిస్తాను" అన్నారు.

సింగరయ్య గుండెల్లో రాయి పడింది. వంట తప్ప వేరే విద్య రాదాయె! ఆ రోజు నుంచే ఒంటిని దారిలో పెట్టాలనుకున్నాడు. పొద్దున్నే లేచి కాసిన్ని మెట్లెక్కేవాడు, జొన్న గటక తాగేవాడు. అంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం రుచి చూడబోయి ఒక్క బూరె నోట్లో వేసుకునేవాడు. అంతే, ఎక్కడి నుంచో ఒక గొంతు వినపడేది.

"తిండిపోతు వెధవా! ఎలాగూ తిన్నావుగా, ఇవాళ్టికి పథ్యం పోయింది. మిగతావీ కానియ్. మీ వంశమే లావు, నువ్వెక్కడ ఎక్కుతావురా కొండ!"

సింగరయ్య బిక్కమొహం వేసి నాలుగు దిక్కులూ చూసేవాడు. ఎవరూ లేరు! చూస్తూ చూస్తూనే పళ్లెం ఖాళీ. ఎలా ఖాళీ అయిందో అతనికే అంతుబట్టేది కాదు. మర్నాడు మెట్ల జోలికే పోయేవాడు కాదు. ఎవరబ్బా ఇది? గాలా, ధూళా? వంటశాలకు దయ్యం గానీ పట్టిందా?

కిటికీలో కాకి కనపడింది. "నన్ను తిడుతున్నది నువ్వేనా?" అని గదమాయించాడు.

"నాకెందుకయ్యా నీ గొడవ? నువ్వు విదిలించే మెతుకుల కోసం కూర్చున్నా. కావ్ అనడం తప్ప నాకింకో మాట రాదు" అంది కాకి. ఇన్ని మాటలు మాట్లాడి, దానికి మాట రాదట!

పొయ్యి పక్కన పడుకున్న పిల్లిని అడిగాడు. పిల్లి ఒళ్లు విరుచుకుని, "నేను కాదు. కానీ రోజూ వింటున్నా. అచ్చం నీ గొంతులాగే ఉంటుంది" అంది.

సింగరయ్యకు తల మరీ తిరిగిపోయింది. నా గొంతేమిటి? నేనెవర్నీ పల్లెత్తు మాట అననే!

చివరికి, కొండ మీదికి నీళ్లు మోసే ముసలి ఎద్దు మచ్చన్న దగ్గరికి పోయి గోడు వెళ్లబోసుకున్నాడు. ఎద్దు నెమరు ఆపి, "అయ్యా, నిన్న మెట్ల మీద నా కాలు జారింది. అప్పుడు నువ్వేమన్నావు?" అని అడిగింది.

"పర్లేదు నాయనా, మెల్లగా లే, మెల్లగా పద అన్నాను."

"ఎలాగూ జారావు, కింద దాకా దొర్లిపో అనలేదేం?"

"అయ్యయ్యో! నోరు లేని జీవాన్ని అంత మాట ఎలా అంటాను?"

"మరి బూరె తిన్న సింగరయ్యను రోజూ అంటున్నావుగా! తిట్టేదీ నువ్వే, తిట్లు తిని దొర్లిపోయేదీ నువ్వే" అంది ఎద్దు.

సింగరయ్యకు సగం అర్థమైంది, సగం కాలేదు. తనలో ఇద్దరున్నారా? ఆ ఇద్దరిలో తను ఎవరు? ఏమో! అయినా ఎద్దుకు చెప్పిన మాటే తనకూ చెప్పుకోసాగాడు. బూరె తిన్న రోజున "పర్లేదు నాయనా, ఒక్కటేగా" అని చెయ్యి కడిగేసుకున్నాడు. మెట్లు ఎగ్గొట్టిన మర్నాడు మళ్లీ ఎక్కాడు. పొట్ట కొద్దిగానే తగ్గింది గానీ, ఆయాసం బాగా తగ్గింది.

జాతర వచ్చింది. డప్పులు మోగాయి. సింగరయ్య కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. సగం కొండ దాటాక ఊపిరి అందలేదు. ఆగిపోయాడు. గొంతు రానే వచ్చింది.

"అయిపోయింది! ఆగావుగా, ఇంక దించెయ్!"

సింగరయ్యకు దిక్కు తోచలేదు. పోయినేడూ ఇంతే. ఆగానుగా, ఓడిపోయాను అనుకుని దించేశాడు. అయినా, ఆగకూడదని ఆచారంలో ఎక్కడుంది? దించకూడదనే కదా! ఈ ముక్క ఇన్నాళ్లూ తనకు తట్టలేదేమిటి?

"ఆగితే ఆగావులే నాయనా. ఊపిరి పీల్చుకుని పద" అన్నాడు పైకే. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియక పక్కవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

ఎక్కాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ ఎక్కాడు. పొంగలి చల్లారిపోయింది గానీ కుండ నేలను తాకలేదు. పూజారి కుండ అందుకోగానే సింగరయ్య గుడి ముందు కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. రాజుగారు తన ఉత్తరీయంతో అతని మొహం తుడిచి, "వంటశాల నీదేనయ్యా" అన్నారు.

కనుక పిల్లలూ, పక్కవాడు తడబడితే ఎంత మంచి మాట చెబుతామో, మనం తడబడినప్పుడు మనకు మనమూ అంత మంచి మాటే చెప్పుకోవాలి.