రైటు పడిన చీటీ

పరంధామయ్య మాస్టారు ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పే రకం కాదు. ఏదో ఒక పాత సంగతి బయటికి తీస్తారు. ఆయన దగ్గరే చదువుకుని, పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేరిన హేమలతకి ఆ సంగతి తెలుసు. తెలిసే, చీటీల కట్ట పట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, 'నీకేది కష్టంగా ఉంది?' అని శనివారం శనివారం పిల్లల చేత రాయించమని పై అధికారులు చెప్పారు. రాయిస్తున్నాను. ఎంతమంది రాశారో పైకి పంపుతున్నాను. ఇవన్నీ కూర్చుని చదవాలంటారా?"

మాస్టారు కట్ట వంక చూశారే గానీ ముట్టుకోలేదు.

"నేనూ రాయించానమ్మా," అని మొదలుపెట్టారు.

ఆయన బళ్లో మూడో తరగతిలో మంగతాయి అని ఒక పిల్ల ఉండేది. 'బోర్డు మసగ్గా ఉంది' అని రాసింది. మాస్టారి చేతికో అలవాటు. పిల్లలు ఏం రాసినా కింద ఎర్ర సిరాతో రైటు, సంతకం, తేదీ. కళ్లు చదివేలోపే చెయ్యి తన పని కానిచ్చేసేది. ఆ పిల్ల వరసగా ఆరు వారాలు అదే మాట రాసింది, ఆరు రైట్లూ పడ్డాయి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ ఫైలు తిరగేసి శభాష్ అన్నాడు. మాస్టారు పొంగిపోయారు కూడా.

పిల్ల గుమ్మం తడుముకుంటూ రావడం చూసి, జీడిపప్పు బట్టీలో పనిచేసే తల్లి ఏమైందే అని అడిగింది.

"సారుకి సెప్పానమ్మా. రైటెట్టారు," అంది పిల్ల ధీమాగా.

చదువుకున్నాయన చూసుకుంటున్నాడు కదా అని ఆ తల్లి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంది. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే, "నెల్లాళ్ల ముందు తెచ్చి ఉంటే..." అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. రెండు కళ్లూ పోయాయి.

హేమలత చూపు చీటీల కట్ట మీదికి వెళ్లింది. ఒళ్లోని ప్రతి చీటీ మీదా ఆమె పెట్టిన రైటు ఉంది. ఒక్కదాంట్లోనూ ఏం రాసి ఉందో గుర్తు లేదు. సిగ్గేసింది, అంతకు మించి భయమేసింది.

"అయితే అసలు అడక్కపోతేనే నయమా మాస్టారూ?"



"నేను అడక్కపోయుంటే, మొదటి వారమే వాళ్లమ్మకి చెప్పుకునేదమ్మా ఆ పిల్ల."